ఆదిబట్లలో తయారీ సరే, డిజైన్ మాటేమిటి?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, ఇబ్రహీంపట్నానికి ముందే, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఆదిబట్లకు ఇవాళ ప్రపంచ సైనిక విమానరంగంలో పేరుంది. అమెరికాతో పాటు అనేక దేశాల వాయుసేనలు వాడే సీ-130జే రవాణా విమానపు తోక భాగం ఇక్కడే తయారవుతుంది. ప్రపంచానికంతటికీ ఇక్కడి నుంచే వెళుతుంది. 2018 మార్చిలో ప్రారంభమైన టాటా బోయింగ్ ఫ్యాక్టరీ 2025 జనవరి నాటికి 300 అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలేజ్‌లను, అంటే హెలికాప్టర్ ప్రధాన కాయాలను, తయారుచేసి పంపింది. అంతకు ముందే సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్‌తో ఈ పని మొదలైంది. ఎఫ్-16 యుద్ధ విమానం రెక్కలూ ఇక్కడి పనిలో చేరాయి. 2025 జూన్‌లో ఫ్రాన్స్ కంపెనీ దసో, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ కలిసి హైదరాబాద్‌లో రఫేల్ ఫ్యూజలేజ్ తయారీకి ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రాన్స్ బయట ఆ పని జరగడం ఇదే మొదటిసారి. ఇంత పని జరుగుతున్నప్పుడు ఒక ప్రశ్న అడగక తప్పదు: మనకు వచ్చింది విమాన పరిశ్రమా, విమాన భాగాల తయారీయా? ఈ రెండూ ఒకటి కావు. విమానం ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం, అవసరమైతే ఆ నిర్ణయాన్ని మార్చుకునే అధికారం ఎక్కడుంటే పరిశ్రమ అక్కడ ఉన్నట్టు. ఆ అధికారం ఆదిబట్లకు రాలేదు. మన ఇంజనీర్లకో కార్మికులకో చేతకాక రాలేదనుకుంటే పొరపాటు. ఆర్డర్లు వచ్చిన తీరే అలాంటిది. ఇదే హైదరాబాద్‌లో క్షిపణుల పని వేరే తీరుగా నడిచింది, ఫలితమూ వేరుగా వచ్చింది. ఆ తేడాను సరిగా చూస్తే నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల వాకిట్లోకి వచ్చిన ఈ పని నుంచి మనం ఏం అడగాలో తెలుస్తుంది.

ఈ ఫ్యాక్టరీలు ఇక్కడికి ఎలా వచ్చాయన్నది ముందు చూడాలి. విదేశాల నుంచి పెద్ద ఎత్తున ఆయుధాలు కొన్నప్పుడు, అమ్మిన కంపెనీ ఆ సొమ్ములో కొంత వాటాను భారతదేశంలోనే పనిగా, కొనుగోళ్లుగా తిరిగి పెట్టాలన్న ఆఫ్‌సెట్ నిబంధన 2005లో వచ్చింది. మామూలుగా అది 30 శాతం; 36 రఫేల్ విమానాల కొనుగోలులో 50 శాతం. 2008లో సీ-130జే విమానాలు కొన్నాం, 2015లో 22 అపాచీ హెలికాప్టర్లు, 15 చినూక్‌లు కొన్నాం. అమ్మిన కంపెనీలకు భారతదేశంలో పని చూపించాల్సిన బాధ్యత పడింది, ఆ బాధ్యతకు టాటాలు నమ్మకమైన భాగస్వామిగా దొరికారు. హైదరాబాద్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే కారణాలు చాలానే ఉన్నాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆదిబట్లలో ఏరోస్పేస్ సెజ్‌కు భూమి ఇచ్చింది. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం, 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వాటి చుట్టూ పెరిగిన వందలాది చిన్న వర్క్‌షాపులు అప్పటికే టర్నర్లను, ఫిట్టర్లను, టూల్ మేకర్లను తయారుచేసి పెట్టాయి. కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన సంస్థలున్నాయి. ఇన్ని ఉన్నా, కంపెనీలు ఇక్కడికి రావడంలో ఖర్చు లెక్కకే పెద్దపీట అన్నది దాచాల్సిన సంగతి కాదు. 2020-21లో ఎఫ్‌డీఐ పత్రిక ప్రపంచ ఏరోస్పేస్ నగరాలకు ర్యాంకులు ఇచ్చినప్పుడు హైదరాబాద్‌కు మొదటి స్థానం దక్కింది తక్కువ ఖర్చుతో పని జరిగే చోటుగా. ప్రభుత్వాలు ఆ ర్యాంకును గొప్పగా చెప్పుకున్నాయి. చౌకగా పని చేసిపెడతామన్నది ఒక దశలో బలమే. కానీ మనకంటే చౌకగా చేసే చోటు రేపు ఇంకొకటి దొరుకుతుంది.

ఇక్కడ జరిగే పని తేలికైనదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఫ్యూజలేజ్ కట్టడం అంటే పల్చటి అల్యూమినియం రేకులను, వాటికి లోపలి నుంచి ఆసరా ఇచ్చే ఫ్రేములను జిగ్గులో కదలకుండా బిగించి, వేల రంధ్రాలు వేసి, అంచుల్లో మిగిలిన పొక్కులు తీసి, సీలెంట్ పూసి రివెట్లు కొట్టడం. ఒకరు బయట రివెట్ గన్ పట్టుకుంటే, ఇంకొకరు లోపల ఇనుప దిమ్మను రివెట్ తోకకు ఆనించి పట్టుకుంటారు. ఆ ఇద్దరి చేతుల ఒత్తిడి ఒకదానికొకటి సరిపోవాలి. రంధ్రం ఒక వెంట్రుక పక్కకు పోయినా, రివెట్ తల రేకుకు సమంగా కూర్చోకపోయినా ఇన్‌స్పెక్టర్ దాన్ని తిరస్కరిస్తాడు. ఏ రివెట్ ఎవరు కొట్టారో, ఏ రేకు ఏ కొలిమి నుంచి వచ్చిందో కాగితం మీద ఉంటుంది, విమానం ఎగిరినంత కాలం ఆ కాగితం బతికే ఉంటుంది. ఐటీఐ చదివి వచ్చిన పిల్లలు ఈ క్రమశిక్షణను నేర్చుకొని ప్రపంచ స్థాయి నాణ్యత చూపించడం చిన్న విషయం కాదు. అయితే ఆ రంధ్రం అక్కడే ఎందుకు ఉండాలి, ఆ రేకు అంత మందమే ఎందుకు, ఆ ఫ్రేము స్థానంలో కార్బన్ ఫైబర్ పెడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉండదు. డ్రాయింగ్ బయటి నుంచి వస్తుంది. పొరపాటున ఒక రంధ్రం తప్పు చోట పడితే దాన్ని ఎలా సరిచేయాలో కూడా డిజైన్ సొంతదారు ఒప్పుకోవాలి. బాలానగర్‌లో దీన్ని జాబ్ వర్క్ అంటారు. కౌలు రైతు పంట పండించినట్టు: చెమట, నైపుణ్యం మనవే, పట్టా మాత్రం వేరొకరి పేరు మీద ఉంటుంది.

పట్టా లేకపోతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాయి. మన సైన్యం 2020 ఫిబ్రవరిలో ఆరు అపాచీలకు ఆర్డర్ పెట్టింది. వాటి ఫ్యూజలేజ్ ఆదిబట్లలో తయారై 2023లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం మెసాకు వెళ్లింది. అక్కడ ఇంజన్లు, రోటార్లు, రాడార్లు, ఆయుధాలు బిగించుకొని, ఒప్పుకున్న గడువు దాటిపోయాక, మొదటి మూడు హెలికాప్టర్లు 2025 జూలైలో మన దేశానికి వచ్చాయి. మన చేతులతో కట్టిన హెలికాప్టర్ కోసం మనమే ఎదురుచూడాల్సి వచ్చింది. రెండోది సీ-295 రవాణా విమానం. 2021 సెప్టెంబరులో 56 విమానాలకు దాదాపు 21,935 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. 16 స్పెయిన్ నుంచి తయారై వస్తాయి, 40 ఇక్కడే కట్టాలి. ఒక ప్రైవేటు కంపెనీ దేశంలో పూర్తి సైనిక విమానాన్ని కట్టడం ఇదే మొదటిసారి. దాని ప్రధాన భాగాల తయారీ హైదరాబాద్‌కు దక్కింది. చివరి కూర్పు, పరీక్ష, అప్పగింత గుజరాత్‌లోని వడోదరకు వెళ్లాయి. 2024 అక్టోబరులో అక్కడి కర్మాగారాన్ని రెండు దేశాల ప్రధానులు ప్రారంభించారు. ఇది గుజరాత్ మీద ఫిర్యాదు కాదు. 13 వేలకు పైగా విడిభాగాలు దేశంలో తయారవుతున్నాయి, అది మంచిదే. కానీ డిజైన్ ఎయిర్‌బస్‌ది, ఇంజను కెనడాది. పని ఏ ఊళ్లో జరగాలన్నది కంపెనీల ఖర్చు లెక్కలు, ఢిల్లీ రాజకీయాలు తేలుస్తాయి. భాగాలు చేసే ఊరిని మార్చడం సులువు. డిజైన్ చేసే ఊరిని అలా మార్చలేరు, ఎందుకంటే డిజైన్ అక్కడి మనుషుల తలల్లో, వాళ్లు చేసిన పరీక్షల ఫైళ్లలో, విఫలమైన నమూనాల్లో ఉంటుంది.

లైసెన్స్ మీద తయారుచేస్తూ పోతే డిజైన్ దానంతట అదే వస్తుందనే నమ్మకం మన దగ్గర చాలా పాతది. 1962లో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం కుదిరింది. విమాన శరీరం నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో చేయాలని పంచారు. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ విభాగం అలా పుట్టింది. 1987 వరకు హెచ్‌ఏఎల్ 600కు పైగా మిగ్-21లను తయారుచేసింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాటికి వీడ్కోలు చెప్పారు. ఆరు దశాబ్దాలకు పైగా వాడిన విమానం, దాదాపు రెండు దశాబ్దాల తయారీ. అయినా దాని తర్వాతి తరం యుద్ధ విమానం ఆ తయారీ అనుభవంలోంచి పుట్టలేదు. తేజస్ కోసం 1984లో బెంగళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీని (ఏడీఏ) కొత్తగా పెట్టాల్సి వచ్చింది. ఆ కార్యక్రమాన్ని నడిపిన కోట హరినారాయణ బరంపురంలో పుట్టినవాడు, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశాడు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది. ఆ ఆలస్యం మీద, ఖర్చు మీద ఎన్ని విమర్శలున్నా, ఈ దేశంలో ఫ్లై-బై-వైర్ నియంత్రణ, కార్బన్ ఫైబర్ నిర్మాణం తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది ఆ కార్యక్రమమే. దానికి ముందు 1961లో ఎగిరిన హెచ్‌ఎఫ్-24 మారుత్ కూడా మన డిజైనే. దాన్ని కొనసాగించకుండా వదిలేయడం వల్ల పోయిన జ్ఞానాన్ని మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక హైదరాబాద్‌లోనే నడిచిన రెండో కథ. అరవైల మొదట్లో వచ్చిన క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్ చాలాకాలం పెద్దగా ఫలితం చూపించలేకపోయింది. 1982లో అబ్దుల్ కలాం దానికి డైరెక్టర్‌గా వచ్చాడు. 1983లో పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే ఐదు క్షిపణుల కార్యక్రమం మంజూరైంది. 1988లో ఇమారత్ పరిశోధన కేంద్రం వచ్చింది. 1987లో పెద్ద దేశాలు కలిసి క్షిపణి పరిజ్ఞానం మీద ఆంక్షలు పెట్టాయి. కొనుక్కునే దారి మూసుకుపోయింది. ఆ మూసిన దారే మేలు చేసింది. గైరోస్కోపులు, ఫేజ్ షిఫ్టర్లు, కార్బన్ నిర్మాణాలు, మారేజింగ్ ఉక్కు, ఒక్కోటి ఇక్కడే చేసుకోక తప్పలేదు. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మేలో అగ్ని ఎగిరాయి. మనం గమనించాల్సింది క్షిపణి ఎగిరిన రోజు కంటే, ఆ పని చుట్టూ ఎవరు పెరిగారన్నది. డీఆర్‌డీఎల్ డ్రాయింగ్ ఇచ్చి వదిలేయలేదు. చాలాసార్లు డ్రాయింగే సగం తయారై ఉండేది. బాలానగర్‌లో 1970లో మొదలైన ఎమ్‌టార్ వంటి సంస్థలు, తర్వాత వచ్చిన వెమ్ టెక్నాలజీస్ వంటివి, ఇంకా ఎన్నో చిన్న యూనిట్లు శాస్త్రవేత్తలతో కలిసి కూర్చొని, భాగం విఫలమైతే మళ్లీ చేసి, ఏ లోహం ఎందుకు పగిలిందో నేర్చుకున్నాయి. ఉమ్మడి నల్లగొండలో, యాదగిరిగుట్ట దగ్గరి పెద్దకందుకూరులో ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ క్షిపణులకు ఘన ఇంధనం తయారుచేసే స్థాయికి వచ్చింది. ఆ పని ప్రమాదకరమైనది. ఆ ప్రాంతపు పేలుడు పదార్థాల యూనిట్లలో కార్మికుల ప్రాణాలు పోయాయి, భద్రత విషయంలో రాజీ పడిన ఏ పరిశ్రమనూ సమర్థించకూడదు. అయినా ఆ యూనిట్లలో పేరుకున్న జ్ఞానం ఎవరి లైసెన్స్ మీదా ఆధారపడదు. ఇవాళ ఆకాశ్ క్షిపణి వ్యవస్థ అర్మేనియాకు ఎగుమతి అవుతోంది. అందులో మార్పు చేయాలంటే హైదరాబాద్‌లోనే నిర్ణయం జరుగుతుంది. ఒకే నగరం, ఒకే కార్మికులు, ఒకే కాలేజీల పిల్లలు. క్షిపణిలో మనం యజమానులం, విమానంలో జాబ్ వర్క్ చేసేవాళ్లం. ఈ తేడా మనుషుల్లో లేదు, పనిని అడిగిన తీరులో ఉంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఏ దేశమూ ఒక్క అంగలో డిజైన్‌కు చేరలేదు, అందరూ భాగాల తయారీతోనే మొదలుపెట్టారు, కాబట్టి ఆదిబట్లకు ఇంకో ఇరవై ఏళ్లు ఇవ్వండి అంటారు. చరిత్రలో ఇది నిజం కూడా. టర్కీ 1980ల్లో ఎఫ్-16లు కూర్చింది, 2024 ఫిబ్రవరిలో సొంత కాన్ విమానాన్ని ఎగరేసింది. దక్షిణ కొరియా కేఎఫ్-16లను లైసెన్స్ మీద చేసింది, 2022 జూలైలో కేఎఫ్-21ను ఎగరేసింది. కానీ ఆ రెండింటి మధ్య కొరియా ఏం చేసిందో చూడాలి. ఎఫ్-16 కొనుగోలు ఒప్పందంలో ఆఫ్‌సెట్ కింద అది ఒక శిక్షణ విమానం డిజైన్‌లో సాయం అడిగింది. అలా 2002లో టీ-50 ఎగిరింది. మనలాగే ఆఫ్‌సెట్, అడిగింది మాత్రం వేరు. బ్రెజిల్ ఇంకా ముందు నుంచే ఈ దారిలో ఉంది. 1950లో సావో జోసే దోస్ కాంపోస్‌లో విమాన ఇంజనీరింగ్ కళాశాల పెట్టి, 1969లో ఎంబ్రాయర్‌ను పెట్టింది. ముందు కళాశాల, తర్వాత కర్మాగారం. 2014లో స్వీడన్ నుంచి 36 గ్రిపెన్ విమానాలు కొన్నప్పుడు వాళ్ల ఇంజనీర్లు స్వీడన్ వెళ్లి డిజైన్ పనిలో కూర్చున్నారు, 2016లో గవియావో పెషోటోలో ఎంబ్రాయర్ ఆవరణలోనే డిజైన్ కేంద్రం తెరిచారు. మనం ఏం అడిగామో 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చెబుతుంది. 2005 నుంచి 2018 మార్చి వరకు 66,427 కోట్ల రూపాయల విలువైన 46 ఆఫ్‌సెట్ ఒప్పందాలు కుదిరాయి. 2018 చివరికి నెరవేరాల్సిన వాటిలో 59 శాతమే నెరవేరినట్టు కంపెనీలే చెప్పుకున్నాయి. ఇక విదేశీ కంపెనీ మన పరిశ్రమకు ఉన్నత స్థాయి పరిజ్ఞానం ఇచ్చిన సందర్భం ఒక్కటీ ఆడిట్‌కు కనిపించలేదు. అందువల్ల ఇరవై ఏళ్లు ఆగడం వల్ల డిజైన్ వస్తుందన్న వాదన నిలవదు. ఆగిన దేశాలకు రాలేదు, అడిగిన దేశాలకు వచ్చింది.

ఇంకో అభ్యంతరం బెంగళూరు పేరుతో వస్తుంది. ఏడీఏ, హెచ్‌ఏఎల్, ఎన్‌ఏఎల్, ఇంజన్ల పరిశోధన సంస్థ జీటీఆర్‌ఈ అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక పేద దేశానికి రెండు డిజైన్ కేంద్రాలెందుకు, దాని బదులు ఉన్నదాన్నే బలపరచాలి కదా అంటారు. పూర్తి విమానం డిజైన్ గురించి అయితే ఈ మాటలో సబబు ఉంది, రెండో ఏడీఏ హైదరాబాద్‌లో పెట్టమని నేను అడగను. కానీ యుద్ధ విమానంలో అన్నిటికంటే కష్టమైన భాగం దాని ఇంజను, ఇంజనులో అన్నిటికంటే కష్టమైనది వేడిని తట్టుకునే లోహం. ఆ లోహం పని కంచన్‌బాగ్‌లో జరుగుతోంది. 1963 నుంచి ఉన్న లోహ పరిశోధనశాల డీఎమ్‌ఆర్‌ఎల్, 1973లో పుట్టిన ప్రత్యేక లోహాల సంస్థ మిధాని పక్కపక్కనే ఉన్నాయి. 2021లో డీఎమ్‌ఆర్‌ఎల్ హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లను హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. అవి చేసే పద్ధతి చూస్తే పని ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. నికెల్ మిశ్రమాన్ని 1,500 డిగ్రీలకు పైన కరిగించి, గాలి లేని కొలిమిలో సిరామిక్ అచ్చులో పోస్తారు. మామూలుగా చల్లారనిస్తే లోహం వేల గింజలుగా గడ్డకడుతుంది, తిరుగుతున్న బ్లేడు వేడికి ఆ గింజల అంచుల దగ్గరే విరుగుతుంది. అందుకే అచ్చును కింది నుంచి పైకి మెల్లగా చల్లబరుస్తూ, అడుగున ఒక ఇరుకైన మెలిక గుండా ఒకే ఒక్క స్ఫటికాన్ని పైకి పెరగనిస్తారు. బ్లేడు మొత్తం ఆ ఒక్క స్ఫటికమే. ప్రపంచంలో ఈ విద్య తెలిసిన దేశాలు చాలా కొద్ది. అదే ఏడాది 2,000 టన్నుల ప్రెస్ మీద టైటానియం కంప్రెసర్ డిస్కులు కొట్టే పద్ధతినీ ఇక్కడే సాధించారు. జాగ్వార్, హాక్ విమానాల అడోర్ ఇంజన్ కోసం మిధాని అలాంటివి 200 డిస్కులు చేసి ఇచ్చింది. తేజస్ మార్క్-1ఏ విషయంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. 2021లో 83 విమానాలకు ఆర్డర్ పెట్టాం, అమెరికా నుంచి రావాల్సిన ఎఫ్-404 ఇంజన్లు ఆలస్యమయ్యాయి, మొదటి ఇంజన్ 2025 మార్చిలో గానీ రాలేదు. ఇంజన్ లేని విమానం నేల మీదే ఉంటుంది. కాబట్టి కంచన్‌బాగ్‌ను బెంగళూరుకు పోటీగా చూడకూడదు, బెంగళూరుకు కొరవడినదాన్ని ఇవ్వగలిగిన చోటుగా చూడాలి. ఫ్రాన్స్ సఫ్రాన్‌తో కలిసి కొత్త ఇంజన్ చేయాలని కేంద్రం 2025లో నిర్ణయించింది, అదే ఏడాది నవంబరులో సఫ్రాన్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం శంషాబాద్‌లో మొదలైంది. ఆ కొత్త ఇంజన్ లోహాల పని ఇక్కడికి రావాలని అడగడంలో ప్రాంతాభిమానం కంటే లెక్కే ఎక్కువ ఉంది.

తేజస్ ఇంకో చిన్న దారి కూడా చూపించింది. మార్క్-1ఏ మధ్య ఫ్యూజలేజ్‌ను హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్ 2025లో తయారుచేసి హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. చూడటానికి ఇదీ అపాచీ పని లాంటిదే, రేకులు, రివెట్లు, జిగ్గులు. తేడా ఏమిటంటే డిజైన్ సొంతదారు 600 కిలోమీటర్ల లోపే, బెంగళూరులో ఉన్నాడు, మార్పు సూచిస్తే వింటాడు. 2025 సెప్టెంబరులో ఇంకో 97 తేజస్‌లకు 62,370 కోట్ల రూపాయల ఆర్డర్ వచ్చింది. ఆ ఆర్డర్ నుంచి ఒక వర్క్‌షాపుకు వచ్చే జ్ఞానం, అదే సంఖ్యలో విదేశీ ఫ్యూజలేజ్‌ల నుంచి వచ్చే జ్ఞానం ఒకటి కావు. డ్రోన్ల విషయంలో మనం మళ్లీ పాత దారే పట్టాం. 2018 డిసెంబరులో అదానీ-ఎల్బిట్ కర్మాగారం హైదరాబాద్‌లో ప్రారంభమైంది, ఇజ్రాయెల్ హెర్మెస్ 900 ఆధారంగా తయారైన దృష్టి-10 డ్రోన్ 2024 జనవరిలో నౌకాదళానికి అందింది. నౌకాదళానికి అవసరమైన వస్తువే. కానీ యుద్ధ విమానంతో పోలిస్తే డ్రోన్ డిజైన్ అందుబాటులో ఉన్నది, ఖర్చు తక్కువ, కాలేజీల పిల్లలు చేయగలిగినది. అక్కడ కూడా బయటి డిజైన్‌తో మొదలుపెట్టడం అవకాశాన్ని చేజార్చుకోవడమే.

ఇప్పుడు నల్లగొండ, పాలమూరు మాట. ఆదిబట్ల రంగారెడ్డి జిల్లాలో ఉన్నా, దాని దారి యాచారం, మాల్ మీదుగా చింతపల్లి, దేవరకొండల వైపు వెళుతుంది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఆమనగల్లు, కడ్తాల్ ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ పరిధిలోకి వచ్చాయి. ఇదంతా వానాధారపు నేల. ఒక పక్క మర్రిగూడలో తరాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలు వంచాయి. ఇంకో పక్క పాలమూరు నుంచి మేస్త్రీల వెంట కుటుంబాలు కుటుంబాలు దేశమంతా ప్రాజెక్టులు కట్టడానికి వలసపోయాయి. ఇక్కడి వాళ్లు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: యుద్ధ విమానాలతో మాకేం పని, మా భూములు పోవడం తప్ప? ఆ ప్రశ్నకు గౌరవం ఇవ్వాలి. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ కోసం భూములు పోగొట్టుకున్న రైతుల పోరాటాన్ని పాలమూరు మరచిపోలేదు. పరిశ్రమ వస్తే భూమి ధర పెరుగుతుంది, ముందే అమ్ముకున్న రైతుకు ఆ పెరుగుదల దక్కదు. ఫ్యూజలేజ్ ఫ్యాక్టరీ కూడా వేలల్లో ఉద్యోగాలిచ్చే బట్టల మిల్లు కాదు. అందుకే సంఖ్య కంటే ఏ మెట్టు ఉద్యోగమన్నది ముఖ్యం. మన పిల్లలు రివెట్ గన్ దగ్గరే ఆగిపోతే, నిన్న డ్యాములు కట్టిన తరానికీ ఇవాళ్టి తరానికీ జీతంలో, గౌరవంలో తేడా ఉంటుంది కానీ నిర్ణయంలో ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మారుస్తోంది, 2024 ఆగస్టులో మీర్‌ఖాన్‌పేటలో స్కిల్ యూనివర్సిటీకి శంకుస్థాపన చేసింది. ఇవి మంచి పనులు. అయితే ఇవి తయారుచేసేది ఆపరేటర్లను. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీకి, 2008లో వచ్చిన పాలమూరు యూనివర్సిటీకి లోహశాస్త్రంలో, కాంపోజిట్లలో, నిర్మాణ విశ్లేషణలో కంచన్‌బాగ్ సంస్థలతో ఉమ్మడి పరిశోధనశాలలు ఉండాలి. అక్కడ చేరిన పిల్లవాడు చదువుతూనే విఫలమైన బ్లేడును మైక్రోస్కోప్ కింద చూడగలగాలి. దానికి వేల ఎకరాలు అక్కర్లేదు, కొన్ని గదులు, కొందరు మంచి అధ్యాపకులు, పదేళ్ల ఓపిక కావాలి.

ఆయుధాల పని అసలు మనకెందుకు అనే నైతిక ప్రశ్న కూడా ఉంది, దాన్ని నేను చిన్నది చేయను. ఆదిబట్లలో కట్టిన అపాచీ ఫ్యూజలేజ్ ఏ దేశపు సైన్యానికి పోతుందో, ఎవరి ఇంటి మీద ఎగురుతుందో ఇక్కడ కట్టినవాడు నిర్ణయించలేడు, తెలుసుకోలేడు కూడా. డిజైన్ మన చేతికి వచ్చినంత మాత్రాన ఈ చిక్కు తీరిపోదు. ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో అప్పుడు మనమే తేల్చుకోవాలి, ఆ బాధ్యత ఇంకా బరువైనది. అయినా ఆ బరువు మన పార్లమెంటు మీద, మన ఓటర్ల మీద ఉండటమే మేలని నా అభిప్రాయం. ఇప్పుడున్న పద్ధతిలో పని మనది, లాభంలో చిన్న వాటా మనది, నిర్ణయంలో మన వంతు సున్నా.

పరిస్థితి ఇప్పుడు కొంత అనుకూలంగా మారింది. 2020 రక్షణ కొనుగోలు విధానంలో, దేశంలో డిజైన్ అయిన వస్తువుకే కొనుగోళ్లలో మొదటి ప్రాధాన్యం ఉంది. ఐదో తరం యుద్ధ విమానం ఏఎమ్‌సీఏ కోసం 2025 మేలో కేంద్రం ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ప్రైవేటు కంపెనీలకు హెచ్‌ఏఎల్‌తో సమానంగా పోటీ పడే వీలు కలిగింది. అది మన సొంత డిజైన్. దాని ఏ భాగం హైదరాబాద్‌కు వచ్చినా, అది డ్రాయింగ్‌తో కాకుండా ప్రశ్నలతో వస్తుంది. రాష్ట్రం చేతిలోనూ ఒక ఆయుధం ఉంది, భూమి. రాయితీ మీద భూమి, కరెంటు, పన్ను మినహాయింపు ఇచ్చేటప్పుడు ఎన్ని ఉద్యోగాలు ఇస్తారని అడగడం మన ప్రభుత్వాలకు అలవాటు. ఎంతమంది డిజైన్ ఇంజనీర్లను ఇక్కడ పెడతారు, ఏ పరీక్షా కేంద్రం ఇక్కడ కడతారు, ఏ భాగం మీద మార్పు చేసే అధికారం ఇక్కడి ఇంజనీర్లకు ఇస్తారు అని కూడా రాతపూర్వకంగా అడగాలి. కంపెనీలు ఒప్పుకోవనే భయం ఉంటుంది. సీ-130జే తోక భాగాన్ని దాని తయారీదారు లాక్‌హీడ్ ఇక్కడి నుంచే తెప్పించుకుంటోందంటే, అపాచీ కాయం కోసం బోయింగ్ ఆదిబట్ల వైపు చూస్తుందంటే, మనం బేరం ఆడే స్థానంలోనే ఉన్నాం. నెలకు రెండు చొప్పున తయారుచేయగల రఫేల్ ఫ్యూజలేజ్ కర్మాగారం 2027-28 ఆర్థిక సంవత్సరంలో మొదటి భాగాలను ఇవ్వబోతోంది. ఆ లోపే ఈ షరతులు ఒప్పందంలో చేరాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, భువనగిరి నుంచి గెలిచిన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఈ ప్రశ్నను పార్లమెంటులో, అసెంబ్లీలో లేవనెత్తాలి. లేవనెత్తారా లేదా అని వాళ్లు ఊరికి వచ్చినప్పుడు మనం అడగాలి.